ఆట, జానపద కథ, రోజువారీ పని: వీటిని గేయంగా మలిచేటప్పుడు లయ ఎక్కడి నుంచి రావాలి?

గేయసాధన (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు భాగాల గేయమాలిక ఒకటి రాసి, స్వరపరిచి, నలుగురు గాయకులతో పాడించాలన్న సంకల్పంతో కొంతకాలంగా పనిచేస్తున్నాను. మొదటి భాగం నలుగురు తలా 100 మీటర్లు పరుగెత్తే రిలే పందెం గురించి, రెండవది ఒక జానపద కథ గురించి, మూడవది ఇంటిపనిలో గడిచిపోయే ఒక ఉదయం గురించి. ఈ మూడింటినీ ఒకే మాలికలో ఉంచడానికి కారణం ఉంది. మనిషి శరీరం, మనిషి జ్ఞాపకం, మనిషి శ్రమ ఒకదాని నుంచి ఒకటి విడిపోయేవి కావని నేను నమ్ముతాను. ఆ నమ్మకం శ్రోతకు మాటల ద్వారా కాక పాట ద్వారానే చేరాలని నా కోరిక.

పరుగు మీద రాస్తున్న పాదాలు రెండే దారులు పడుతున్నాయి. ఒకటి గెలిచినవారి పొగడ్త, రెండవది వ్యాఖ్యాత చెప్పినట్టుగా జరిగినదంతా వరుసగా చెప్పుకుపోవడం. కథ విషయంలో చిక్కు వేరు. పాత బాణీని తీసుకుంటే పాట నాది కాకుండా పోతుంది, పూర్తిగా కొత్త బాణీ కడితే కథకున్న పాతదనం ఆవిరైపోతుంది. ఇంటిపని గేయమేమో పనుల పట్టికలా తయారవుతోంది. పూర్వులు ఈ ఇబ్బందులను ఎలా దాటారు? లయను ముందు నిర్ణయించుకుని మాటలు వెతుక్కోవాలా, మాటలను బట్టి గతిని ఎంచుకోవాలా? ఛందస్సు తెలిసినవారూ సంగీతం తెలిసినవారూ ఇద్దరూ స్పందించాలని మనవి.

పాతపొత్తం

గేయసాధన గారూ, పొగడ్తను అంత త్వరగా తోసిపుచ్చవద్దని మొదట మనవి చేస్తాను. ఆటల మీద మనకు మిగిలిన కవిత్వంలో అత్యంత గంభీరమైనది పొగడ్త కోసమే పుట్టింది. గ్రీకు కవి పిండార్ క్రీస్తు పూర్వం అయిదవ శతాబ్దంలో ఒలింపియా, డెల్ఫీ, నెమియా, ఇస్త్మియా పోటీలలో గెలిచినవారి కోసం రాసిన విజయగీతాలు దాదాపు 45 మనకు దక్కాయి. అవి చదువుకోవడానికి రాసినవి కావు. బృందం పాడుతూ నర్తించడానికి రాసినవి. వాటి సంగీతం పోయింది, మాటలు నిలిచాయి.

మీ ప్రశ్నకు బాగా పనికివచ్చే ఉదాహరణ అందులోనే ఒకటి ఉంది. క్రీస్తు పూర్వం 476లో సిరక్యూస్ పాలకుడు హీరాన్ గుర్రం ఫెరెనికోస్ ఒలింపియాలో గెలిచింది. ఆ ఒక్క పందెం మీదే పిండార్ ఒక గీతమూ, ఆయన సమకాలికుడు బాక్కిలిడీస్ ఒక గీతమూ రాశారు. పిండార్ గుర్రానికి కొద్ది పాదాలు మాత్రమే కేటాయించి, వెంటనే పెలోప్స్ అనే పురాణ పురుషుడి కథలోకి వెళ్ళిపోతాడు. ఆ పెలోప్స్ కూడా రథపందెంలో గెలిచి పెళ్ళికూతుర్ని పొందినవాడే. అంటే నిన్నటి పందెం వెనుక తరతరాల నాటి పందెం నిలబడుతుంది. బాక్కిలిడీస్ కూడా తన గీతంలో ఎక్కువ భాగం పురాణానికే ఇచ్చాడు కానీ, గుర్రం దగ్గర మాత్రం ఆగాడు. ఆల్ఫియస్ నది ఒడ్డున అది గాలిలా దూసుకుపోతుంటే బంగారు చేతుల ఉషస్సు చూసిందని చెప్పాడు. ముందు పరుగెత్తే గుర్రాల దుమ్ము దాని మీద ఎన్నడూ పడలేదని నేలను తాకి ప్రమాణం చేశాడు. ముందు ఎవరూ లేరని చెప్పడానికి దుమ్మును సాక్ష్యంగా తెచ్చిన ఆ ఊహ నాకు ఎంతో ఇష్టం. పొగడ్త అంటే విశేషణాలు గుప్పించడం కాదని, పందెం చూసినవాడికి మాత్రమే తెలిసే ఒక్క వివరాన్ని పట్టుకోవడమని ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

మీ రెండవ చిక్కుకు కూడా పిండార్ దగ్గర ఒక మాట దొరుకుతుంది. పెలోప్స్‌ను ముక్కలు చేసి దేవతలకు వడ్డించారన్న పాత కథనాన్ని ఆయన గీతంలోనే బాహాటంగా నిరాకరించి, అసూయాపరులు పుట్టించిన మాటగా తీసివేసి, తన కథనాన్ని చెప్పాడు. జానపద కథను ఎత్తుకునే కవికి ఆ స్వేచ్ఛ ఎప్పుడూ ఉందని నా అభిప్రాయం, అయితే మార్చిన సంగతి శ్రోతకు తెలిసేటట్టు మార్చాలి.

ఆధునిక కాలంలో ఈ పనికి సంస్థాగతమైన ప్రయత్నం కూడా జరిగింది. 1912 స్టాక్‌హోమ్ నుంచి 1948 లండన్ వరకు ఏడు ఒలింపిక్స్‌లో సాహిత్యం, సంగీతం, చిత్రకళ, శిల్పం, వాస్తుశిల్పం పోటీలుగా జరిగాయి. రచన క్రీడాస్ఫూర్తితో పుట్టినదై ఉండాలన్నది నియమం. 1912లో సాహిత్య స్వర్ణం పొందినది ఆధునిక ఒలింపిక్స్ స్థాపకుడు కూబెర్తిన్ మారుపేర్లతో పంపిన క్రీడాస్తుతి. 1948లో గీతికా విభాగపు స్వర్ణం ఫిన్లాండ్ కవయిత్రి ఆలే త్యున్నికి దక్కింది. సంగీతంలో మాత్రం 1924లో ఎవరికీ పతకం ఇవ్వలేదు, 1932లో చెక్ స్వరకర్త యోసెఫ్ సూక్‌కు రజతం తప్ప మరేదీ ఇవ్వలేదు. క్రీడను పేరు పెట్టి స్తుతించమని అడిగినప్పుడు సంగీతం ఎందుకు తడబడిందో స్వరలేఖ గారు చెబితే వినాలని ఉంది.

స్వరలేఖ

పాతపొత్తం గారి పిలుపుకు కృతజ్ఞతలు. సూక్ పతకం పొందిన ఆ రచన నిజానికి ఒలింపిక్స్ కోసం పుట్టినది కాదు. సోకోల్ అనే చెక్ వ్యాయామ సంఘం వారి ఉత్సవంలో వేలమంది కలిసి అడుగు వేయడానికి రాసిన కవాతు అది. అంటే అది క్రీడ గురించిన సంగీతం కాదు, కదిలే శరీరాల కింద వేసిన సంగీతం. పిండార్ పాటల వెంట నర్తించే బృందం ఉండేదని మీరే చెప్పారు. అందువల్ల, పొగడ్త విషయంలో మీతో కొంత విభేదిస్తూ, లయ అన్నది విజేత నుంచి కాక కదలిక నుంచే రావాలని నేను అంటాను.

ఈ దారిలో అందరికన్నా స్పష్టంగా ఆలోచించినవాడు స్వరకర్త ఆర్థర్ ఒనెగర్. 1928లో ఆయన రగ్బీ ఆటను వాద్యబృంద రచనగా మలిచాడు. ఆటను బొమ్మ కట్టినట్టు వర్ణించడం తన ఉద్దేశం కాదని, దాడికీ ఎదురుదాడికీ మధ్య ఉండే లయనే తాను పట్టుకోదలచానని ఆయన వివరించాడు. అందులో ఈలల శబ్దం కోసమో ప్రేక్షకుల కేకల కోసమో వెతికితే నిరాశే మిగులుతుంది. ఒక వాద్య వర్గం తోసుకువస్తే మరొకటి దాన్ని నెట్టివేస్తుంది, అంతే. అంతకు ముందు 1923లో ఆవిరి ఇంజను మీద రాసిన రచనలో ఆయన చేసిన పని మీ రిలే గేయానికి నేరుగా పనికివస్తుంది. ఇంజను వేగం పుంజుకుంటున్నట్టు మనకు వినిపిస్తుంది కానీ, అసలు కాలప్రమాణం క్రమంగా నెమ్మదిస్తుంది. ఒక్కో దెబ్బలో ఇమిడే స్వరాల సంఖ్య పెరుగుతూ పోవడం వల్ల చెవికి వేగం పెరిగినట్టు తోస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే కాలం నిదానిస్తుంటే నడక దట్టమవుతుంది. కొత్తగా పరుగు మీద పాట కట్టే వారిలో చాలామంది చివరికి వచ్చేసరికి తాళాన్నే తరుముతారు, గాయకులకు మాట పలకదు. మీరు తాళాన్ని కదిలించకుండా రెండు మాత్రల (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికే కాలం) అక్షరాల స్థానంలో ఒక్కొక్క మాత్ర అక్షరాలను నింపి చూడండి.

ఇక గతి సంగతి. నిలకడగా సాగే దూరపు పరుగులో చాలామంది నాలుగు అడుగులకు ఒక శ్వాస చొప్పున తీసుకుంటారు, అందువల్ల దానికి చతురశ్రం, అంటే నాలుగేసి మాత్రల నడక, సహజంగా అతుకుతుంది. మీది 100 మీటర్ల పరుగు, అక్కడ శ్వాస లెక్క పనిచేయదు, అడుగు లెక్కే పనిచేస్తుంది. ఒక్కో మాత్రను ఒక్కో అడుగుగా అనుకుంటే చతురశ్రంలో ఊనిక ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. మూడేసి మాత్రల త్రిశ్రంలో ఒకసారి కుడికాలి మీద, మరొకసారి ఎడమకాలి మీద పడుతుంది. గాయకుడు నిలబడి పాడినా ఆ మార్పు శరీరానికి తెలుస్తుంది. నేనైతే త్రిశ్రాన్నే ఎంచుకుంటాను.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు, లయ ముందా మాట ముందా అన్నదానికి, నా సమాధానం ఇది. కదలికను ముందు నోటితో జతులుగా (తకిట, తకధిమి వంటి తాళ శబ్దాలుగా) పలకండి, తరువాత మాటలు ఎంచుకోండి.

నాలుగోపాదం

కథ గురించి మాత్రమే రాస్తాను. ఫిన్లాండ్‌లో ఎలియాస్ లొన్‌రోట్ పల్లె గాయకుల నోటి నుంచి సేకరించిన పాటలను కూర్చి 1835లో కలేవల అనే కావ్యంగా వెలువరించాడు, 1849లో దాన్ని 50 గీతాలకు, 22,795 పాదాలకు విస్తరించాడు. ఆ పాదాలకు ఎనిమిదేసి అక్షరాల నడక, మాటల మొదళ్ళలో ఒకే ధ్వని పలకడం, ఒక పాదంలో చెప్పిన దాన్నే తరువాతి పాదంలో వేరే మాటలతో చెప్పడం ప్రధాన లక్షణాలు. ద్విపద చదివిన మన చెవికి ఇవి పూర్తిగా పరాయివిగా అనిపించవు, ఎందుకంటే అక్కడా జంట పాదాల నడకా, పాదం నడుమ ఆరంభ ధ్వనిని గుర్తుచేసే యతీ ఉన్నాయి. మనసులో నిలుపుకుని పాడుకోవలసిన కవిత్వానికి అలాంటి పట్టుకొమ్మలు కావాలి.

ఆ పాటలను పాడే తీరులో ఒక విశేషం ఉంది. మొదటి ఆరు అక్షరాలను ఒకే నిడివిలో పలికి చివరి రెండింటినీ రెట్టింపు సాగదీయడం వల్ల పాదం అయిదు దెబ్బలకు సరిపోతుంది. మనం ఖండగతి అనుకునే నడక అది. 1892లో ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ ఆ కావ్యంలోని కుల్లెర్వో కథను పెద్ద వాద్యబృందానికీ గాయకులకూ రాసినప్పుడు, బృందగానం ప్రవేశించే భాగాన్ని అయిదు దెబ్బల తాళంలోనే నడిపాడు. కథతోపాటు కథ చెప్పేవారి నడకను కూడా ఆయన తీసుకున్నాడన్న మాట. కథకున్న పాతదనం బాణీలో కన్నా నడకలోనే ఎక్కువగా దాగి ఉంటుందని నా నమ్మకం.

1906 నుంచి ఫోనోగ్రాఫ్‌తో పల్లెలు తిరిగి పాటలు నమోదు చేసిన హంగేరీ స్వరకర్త బార్తోక్ ఈ సమస్యను ఎంతో శ్రద్ధగా విశ్లేషించాడు. జానపద బాణీని ఉన్నదున్నట్టు తీసుకుని దానికి తగిన వాద్య సహకారం చేర్చడం ఒక పద్ధతి. బాణీని తీసుకోకుండా అలాంటి బాణీని తానే కల్పించడం రెండవది. బాణీగానీ అనుకరణగానీ లేకుండానే ఆ సంగీతపు వాతావరణం రచన అంతటా వ్యాపించడం మూడవది. మూడవ దశ చేరాలంటే కవికి మాతృభాష ఎలా ఒంటబడుతుందో స్వరకర్తకు ఆ సంగీతం అలా ఒంటబట్టాలని ఆయన అన్నాడు. మీరు పాత బాణీకీ కొత్త బాణీకీ మధ్య ఒకదాన్ని ఎంచుకోవలసిన పని లేదు. ఆ కథను పాడేవారి దగ్గర కూర్చుని, ఎక్కడ ఊపిరి పీలుస్తారో, ఏ మాటను సాగదీస్తారో, ఎక్కడ పాట ఆపి వచనంలో చెబుతారో ముందు గుర్తించండి. తరువాత మీరు కట్టే బాణీ ఏదైనా ఆ ఊపిరిని గౌరవిస్తే చాలు.

గేయసాధన

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. త్రిశ్రం గురించి స్వరలేఖ గారు చెప్పినది లేచి అడుగులు వేస్తూ పాడుకుని చూశాను, ఊనిక కాళ్ళు మారడం స్పష్టంగా తెలిసింది. కథ భాగానికి నాలుగోపాదం గారు చూపిన దారి ఎంతో ఊరట కలిగించింది. ఇంటిపని గేయం గురించి, రిలేలో ఒకరి నుంచి ఒకరికి కర్ర అందే క్షణం గురించి ఎవరైనా చెప్పగలిగితే సంతోషిస్తాను. ఆ క్షణాన్ని మాటల్లో వర్ణించడం నాకు ఇష్టం లేదు, పాట నిర్మాణంలోనే అది జరగాలి.

రోకటిపాట

పనిపాటలో పని గురించిన మాటలు చాలా తక్కువగా ఉంటాయన్న సంగతి గమనిస్తే మీ పట్టిక సమస్య తీరుతుంది. దంపుళ్ళ పాటలో రోకటి పోటు లయలో ఉంటుంది, మాటలేమో పుట్టింటి గురించో సీత కష్టాల గురించో సాగుతాయి. స్కాట్లాండ్ గేలిక్ స్త్రీలు తడిపిన ఉన్నిబట్టను బల్ల మీద కొట్టి గట్టిపరిచేటప్పుడు పాడిన పాటలు కూడా ఇలాంటివే. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగిలినవారు అర్థం లేని అక్షరాల పల్లవిని అందుకుంటారు. మాటలు ప్రేమ గురించీ చావు గురించీ నడుస్తుంటే బట్ట మీద పడే దెబ్బ తాళమవుతుంది.

పని తీరు మారితే పాట నిర్మాణమే మారిపోతుందనడానికి ఓడ పాటలు మంచి నిదర్శనం. తెరచాపను పైకి లాగేటప్పుడు పాడే పాటలో చరణం ఒక్కరిదే, ఆ సమయంలో మిగిలినవారు ఊపిరి తీసుకుంటారు, బృందం అందుకునే పాదంలో నిర్ణీతమైన మాటల మీదనే తాడు లాగుతారు. లంగరు ఎత్తే చక్రాన్ని చుట్టూ తిరుగుతూ తోసేటప్పుడు విరామం ఉండదు, అందుకే ఆ పాటలు ఎడతెగకుండా సాగుతాయి, పల్లవులు పొడుగ్గా ఉంటాయి. పని ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియదు కాబట్టి చరణాలను అప్పటికప్పుడు పెంచుకునే వీలు కూడా ఉండాలి. మీ ఉదయపు గేయంలో ఊడ్చడం, తోమడం, పిండడం, ఆరవేయడం అని చెప్పకండి. ఊడ్చే చేతికి రెండు భాగాల నడక ఉంది, పిండే చేతికి ముడి బిగుస్తున్న కొద్దీ నెమ్మదించే నడక ఉంది. ఒక్కో చరణాన్ని ఒక్కో పని నడకలో పెట్టి, ఆ పని చేస్తున్న మనిషి మనసులో ఏముందో దాన్ని మాటల్లో చెప్పండి.

ఆట విషయంలోనూ ఒక మాట చేరుస్తాను. కబడ్డీలో పాట ఆటకు బయట లేదు, నియమంలోనే ఉంది. కూతకు వెళ్ళినవాడు 30 సెకన్ల లోపు, గుక్క తిప్పకుండా, అందరికీ వినబడేటట్టు కూత పెట్టాలి, కూత తెగితే ఆ దాడి అక్కడితో ముగుస్తుంది. ఒకే ఊపిరిలో పలకవలసిన పాదం ఎంత పొడవుండాలో, అది తరిగిపోతున్నప్పుడు గొంతులో ఏం జరుగుతుందో ఆ ఆట చూసి నేర్చుకోవచ్చు.

నాలుగోపాదం

కర్ర అందించే క్షణానికి మన అలంకారశాస్త్రంలో ఒక పనిముట్టు ఉంది. ముక్తపదగ్రస్తంలో ఒక పాదం ఏ మాటతో ముగుస్తుందో తరువాతి పాదం ఆ మాటతోనే మొదలవుతుంది. నలుగురు గాయకులు తలా ఒక పాదం పాడితే, ఒకరు విడిచిన మాటను మరొకరు అందుకోవడమే కర్ర చేతులు మారడమవుతుంది. త్రిశ్రగతిలో, పాదానికి 24 మాత్రల చొప్పున ఒక నమూనా రాశాను. మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు.

గీత వెనుక వేలు ఆన్చి కెరటమోలె లేచెనడుగు
అడుగు వెంట అడుగు తరిమి అంచు మీద సాగె పరుగు
పరుగులోనె చేయి చాచి చూడకుండ విన్న పిలుపు
పిలుపు ముగియకుండ కర్ర పిడికిలందు ఒదిగిపోయె

మొదటి, రెండవ, నాలుగవ పాదాలలో పన్నెండు మాత్రల తరువాత యతి పెట్టాను. మూడవ పాదంలో కావాలనే వదిలాను. ఈ పందెంలో కర్ర అందుకునేవారు వెనుతిరిగి చూడరు, వెనుక నుంచి వచ్చేవారి పిలుపు విని చేయి వెనక్కి చాపుతారు. చెవి ఎదురుచూసే ధ్వని అక్కడ రాకపోవడం ఆ చూపులేని క్షణానికి తగినదని నాకు తోచింది.

స్వరపరిచేటప్పుడు మరొక సంగతి ఆలోచించండి. కర్ర మార్చుకోవడానికి ఇచ్చే 30 మీటర్ల నిడివిలో, అందుకునేవారు నిలబడి ఉండరు. వెనుకటివారు దగ్గరికి చేరక ముందే పరుగు మొదలుపెట్టి వేగం అందుకుంటారు. కాబట్టి రెండవ గాయకుడు మొదటివారి పాదం ముగిసేవరకు మౌనంగా ఉండకూడదు. చివరి ఆరు మాత్రల కింద సన్నగా రాగం అందుకుని, ఉమ్మడి మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి గొంతులూ ఒకే స్థాయిలో కలవాలి. ఆ మాటను ఇద్దరూ కలిసి ఒక్కసారే పలకాలి. విడిగా రెండుసార్లు పలికితే కర్ర నేల మీద పడ్డట్టే వినిపిస్తుంది. నాలుగవ గాయకుడికి అందించవలసినవారు ఎవరూ లేరు. ఈ అలంకారంలో చివరి మాటను మళ్ళీ మొదటి పాదానికి తిప్పి కలిపే కవులు ఉన్నారు కానీ, పందెం వృత్తంగా మూసుకోదు, గీత దగ్గర తెగుతుంది. అందుకే నాలుగవ పాదపు చివరి మాటను ఎవరూ అందుకోకుండా వదిలేశాను. దాని తరువాత వాద్యాలను కూడా ఆపి, గాయకుడు ఊపిరి తీసుకోవడం శ్రోతలకు వినిపించేటంత విరామం ఇచ్చి, అప్పుడు కథ భాగంలోకి వెళ్ళండి.